మా జబ్బును చదివేవాళ్ళు

ఆపరేషన్ అయి రెండేళ్ళు దాటాక, మామూలు పరీక్షకు వెళ్ళినప్పుడు మా డాక్టరమ్మ నా ఫైలు మూసి పక్కన పెట్టి, "నీతో ఒక మాట" అంది. ఆసుపత్రిలో ఎవరైనా అట్లా మొదలుపెట్టారంటే వచ్చేది మంచి కబురు కాదని అప్పటికే నాకు బాగా తెలిసిపోయింది.

తీరా ఆమె చెప్పింది వేరే సంగతి. ఊళ్ళోనే ఒక పరిశోధన సంస్థలో ఈ జబ్బు మీద పనిచేసే సైంటిస్టులు ఉన్నారట. ఏళ్ళ తరబడి దీన్నే చదువుతున్నారు గాని, దీన్ని దాటి బయటపడిన మనిషితో ఒక్కసారీ కూర్చుని మాట్లాడలేదట. బాగైనవాళ్ళను కొందరిని, ఆ సైంటిస్టులను ఒక గదిలో కూర్చోబెట్టాలని ఆమె కోరిక.

"తెలుగులో మాట్లాడినా సరే, తమిళంలో మాట్లాడినా సరే. నువ్వు మాత్రం రావాలి," అంది.

ఇంట్లో అడిగి చెబుతానన్నాను. బస్సు మా వాషర్‌మెన్‌పేట్ చేరేదాకా ఒకటే గుబులు. బాగైనవాళ్ళు అంది డాక్టరమ్మ. నేను బాగయ్యానని ఆమెకు మాత్రం ఎట్లా తెలుసు? పొద్దస్తమానం ఆ జబ్బునే చూసేవాళ్ళు నా ముఖం చూసీ చూడగానే ఏదో పసిగడితే? ఇంకా నాకు తెలియనిది, డాక్టరమ్మకు కూడా తెలియనిది, వాళ్ళ కంటికి ఆనితే?

దానికి తోడు ఇంటి భయం. మా వాళ్ళది జార్జి టౌనులో కాగితాల టోకు వ్యాపారం. తరాలుగా ఆ సందుల్లోనే బతుకు. ఎవరింట్లో తుమ్మినా పది కొట్ల అవతలికి తెలుస్తుంది. నాకు రొమ్ములో గడ్డ అని తేలిన రోజే మా అత్త తీర్మానం చేసేసింది, ఎవరడిగినా గర్భసంచి ఆపరేషన్ అని చెప్పాలని. మా ఆయన తలూపాడు, నేనూ తలూపాను. ఆ జబ్బు పేరు మా ఇంట్లో ఎవరూ నోటితో అనలేదు. "అది" అనేవాళ్ళం. ఆసుపత్రి నుంచి నేను ఇంటికి వచ్చిన వారంలోనే అత్త నా గ్లాసు, నా కంచం తీసి వేరే గూట్లో పెట్టింది. ఎందుకో ఆమె చెప్పలేదు. అడిగితే ఏమంటుందోనని నేను అడగలేదు. పిల్లలు నీళ్ళకని నా గ్లాసు అందుకోబోతే మాత్రం, "అది అమ్మది, ఆడ పెట్టు" అని చటుక్కున లాక్కునేది.

డాక్టరమ్మ మాట చెప్పగానే, బియ్యం చెరుగుతున్న అత్త చేట కింద పెట్టేసింది.

"ఏందమ్మే, ఆడికి పోయి ఏం చేస్తావు? సైంటిస్టులంటే ఎలకలకు సూదులేసి చూసేవాళ్ళు కదా. నిన్నేమన్నా చేస్తే?"

"ఊరికే మాట్లాడేదానికంట అత్తా."

"అంత చదువుకున్నోళ్ళకు నీతో మాట్లాడే పనేముండాది? మన అంగడి పక్కనోళ్ళు ఎవురన్నా ఆడ నిన్ను చూస్తే ఏం చెప్తావు?"

మా ఆయన మాత్రం, "పోవాలనుంటే పో. నన్ను మాత్రం రమ్మనబాక" అన్నాడు. ఆపరేషన్ రోజుల్లో ఆసుపత్రి వరండాలో కూర్చుని ఆయన ఎట్లా వణికిపోయాడో నాకు తెలుసు గనుక నేను ఏమీ అనుకోలేదు. రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగిన అత్త ఆఖరికి, "సరి, నేనూ వస్తా. నిన్ను ఒంటిగా పంపేది లేదు" అంది.

ఆసుపత్రిలో డాక్టర్లకు పాఠాలు చెప్పే హాల్లో కూర్చోబెట్టారు మమ్మల్ని. కిటికీ వైపు కుర్చీల్లో బాగైనవాళ్ళం, గోడ వైపు కుర్చీల్లో సైంటిస్టులు. మేము వాళ్ళను చూస్తున్నాం, వాళ్ళు మమ్మల్ని చూడకుండా కాగితాలు చూసుకుంటున్నారు. నా పక్కన పురసవాక్కం నుంచి వచ్చిన, తెలుగు అర్థమయ్యే ఒక తమిళ మాస్టారు కూర్చున్నాడు. గొంతులో జబ్బు చేసి ఆయనకు స్వరపేటిక తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద ఉతికిన తెల్ల గుడ్డ. ఊపిరి తీసినప్పుడల్లా ఆ గుడ్డ లోపలికీ బయటికీ కదులుతుంది. మాట లేదు. ఒళ్ళో చిన్నపిల్లల పలక, జేబులో బలపాలు. జీవితమంతా గొంతెత్తి పాఠాలు చెప్పిన మనిషి! ఆయన్ను చూడగానే నాకు నా సంగతి కాసేపు మరపుకొచ్చింది. ఆ వెంటనే ఇంకా ఎక్కువ భయం వేసింది.

ముందు ఒక పెద్దాయన ఇంగ్లీషులో ఏవో చెప్పి తెర మీద బొమ్మలు చూపించాడు. తరువాత ముప్పై నిండని ఒక అమ్మాయి లేచింది. ఆంధ్రా వైపు నుంచి వచ్చి ఆ సంస్థలో చేరిందట. ఆమె తెలుగు మా ఇళ్ళల్లో తెలుగులా లేదు, రేడియోలో వార్తల్లా ఉంది. మాలో తెలుగువాళ్ళు ఉన్నారని తెలిసి తెలుగులో మొదలుపెట్టింది.

"ఆపరేషన్‌లో తీసిన గడ్డలో చిన్న ముక్క మాకు పంపిస్తారండీ. అందులో కణాలను విడదీసి మేము గాజు పళ్ళాల్లో పెంచుతాం."

మా అత్త లేచి నిలబడింది.

"ఏందీ? దాన్ని పెంచుతా ఉండారా మీరు?"

ఆ అమ్మాయి తడబడింది.

"అది బతికుంటేనే కదమ్మా, ఏ మందుకు చస్తుందో మాకు తెలిసేది."

"దాన్ని చేత్తో తాకుతారా?"

"చేతికి తొడుగులు వేసుకుంటామండీ."

"చూస్తివా, తొడుగులంట!" అని అత్త నా వైపు తిరిగింది.

అప్పటికి ఆ అమ్మాయికి ఏదో అర్థమైనట్టుంది. మెల్లగా నడిచి మా కుర్చీల దగ్గరకు వచ్చింది. "తొడుగులు మాకు భయమై కాదండీ. మన చేతుల మీదుండే మురికి తగిలితే ఆ కణాలే చచ్చిపోతాయి. అందుకు."

"అయితే అంటుకోదా?"

"ఏంటమ్మా?"

"ఇదే. ఒకే గ్లాసులో తాగితే. ఒకే కంచంలో తింటే. ఇంట్లో చిన్నపిల్లోళ్ళు ఉండారు."

"అంటుకోదమ్మా. జీవితాంతం ఒకే కంచంలో తిన్నా అంటుకోదు. నేను నమ్మకంగా చెబుతున్నాను."

అత్త కూర్చుండిపోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా వైపు చూడలేదు. నేనూ ఆమె వైపు చూడలేకపోయాను. అంతమంది ముందు మా గూట్లోని గ్లాసు సంగతి బయటపడినట్టయి నాకు తల కొట్టేసినట్టుంది. అయినా లోపల ఎక్కడో ఊపిరి ఆడింది.

ఇంకెవరైనా ఏమైనా అడుగుతారా అంది డాక్టరమ్మ. అడగాలని అనుకోలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"మళ్ళా వస్తుందా?"

ఆ అమ్మాయి డాక్టరమ్మ వైపు చూసింది.

"తెలీదండీ," అంది ఆ అమ్మాయి. "ఎవరికి వస్తుందో ఎవరికి రాదో ముందుగా చెప్పే దారి మా దగ్గర ఇంకా లేదు. దాన్నే వెతుకుతున్నాం."

రాదమ్మా అంటుందనుకున్నాను. అబద్ధమైనా అంటే బాగుండుననుకున్నాను. ఇంత చదువుకుని, ఇన్ని యంత్రాలు పెట్టుకుని, వాళ్ళకూ తెలియదు. అప్పటిదాకా, నాకు తెలియకపోయినా ఎవరో ఒకరికి తెలిసే ఉంటుందన్న ధైర్యం ఉండేది. అది కూడా పోయింది. లేచిన నేను అట్లాగే నిలబడి ఉండడం చూసి పక్కన మాస్టారు పలక మీద తమిళంలో గబగబా రాసి నా ముందు పెట్టాడు. "ఆ పిల్ల నిజం చెప్పింది. కూర్చో అమ్మా."

ఆ సాయంత్రం అత్త నా గ్లాసును మిగతా గ్లాసులతో కలిపి కడిగి బోర్లించింది. అది చూసి వంటింటి గుమ్మంలో నిలబడి ఏడ్చాను.

"ఏడవబాకమ్మే," అంది. "పిల్లోళ్ళకు ఏమన్నా అయితే ఎట్లా అని అట్ల చేసినా. నాకు మాత్రం ఎవురు చెప్పినారు?"

మొదటిరోజు తరువాత ఆ కూటం ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. నెలకో రెండు నెలలకో కలిసేవాళ్ళం. కుర్చీలు ఎదురుబొదురు వేయడం మానేసి గుండ్రంగా వేయడం మొదలైంది. మేము మా బాధలు చెప్పేవాళ్ళం. ఆపరేషన్ అయిన వైపు నా చెయ్యి సాయంత్రానికి దిమ్మలా వాచిపోయేది, గాజులు ఎక్కేవి కావు. మాలో ఇంకో ఇద్దరిదీ అదే అవస్థ. ఈ విషయం ఏ సైంటిస్టూ ఎప్పుడూ వినలేదట. వాళ్ళు చూసేది గడ్డనే గాని, గడ్డ తీసేశాక మిగిలిన మనిషిని కాదు కదా. ఇంకో సంగతి నేనే చెప్పాను. నెల్లూరు వైపు నుంచి వచ్చే పేషెంట్లకు తమిళం రాదు. ఎవరో వచ్చి పరిశోధనకని రక్తం తీసుకుని పోతారు, ఎందుకో చెప్పేవాళ్ళు లేరు. ఆ రక్తం అమ్ముకుంటున్నారని వార్డులో గుసగుసలు. "ఇది విన్నాక మీకే రక్తం ఇవ్వబుద్ధి పుడుతుందా?" అని అడిగాను. ఆంధ్రా అమ్మాయి తల వంచుకుంది. ఆ తరువాత ఆమె నన్ను అక్కా అని పిలవడం మొదలుపెట్టింది.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, ఒక పొద్దున స్నానం చేస్తుంటే, కుట్టు మచ్చ కొసన వేలికి గట్టిగా ఏదో తగిలింది. కందిగింజంత. వేలు తీసేశాను. మళ్ళీ పెట్టాను. ఉంది. నీళ్ళు పోసుకోవడం మరిచిపోయి అట్లాగే కూర్చున్నాను. బయట అత్త, "నీళ్ళు చల్లబడిపోతాయి, ఏం చేస్తా ఉండావే?" అని కేకేసింది. వస్తున్నానన్నాను.

ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం. అన్నం వండాను, పిల్లలకు జడలు వేశాను. పెద్దదాని జడ వేస్తూ, ఇది ఇంకా తనంతట తాను వేసుకోవడం నేర్చుకోలేదే అనుకున్నాను. రోజుకు ఎన్నిసార్లు వేలితో తడిమి చూసుకున్నానో లెక్క లేదు. ఒకసారి పెరిగినట్టుండేది, ఒకసారి తగ్గినట్టుండేది.

ఆ వారంలోనే సైంటిస్టులు మమ్మల్ని వాళ్ళ ల్యాబు చూడ్డానికి పిలిచారు. అత్తకు మోకాళ్ళ నొప్పులు, రాలేదు. నేను వెళ్ళకపోతే ఎందుకని అడుగుతారని వెళ్ళాను. జార్జి టౌను దాటేదాకా బస్సు తోపుడుబండ్ల వెనకాలే నత్తలా నడిచింది. ఇక్కడే దిగి ఇంటికి పోదామా అని ప్రతి స్టాపులో అనుకున్నాను.

ల్యాబులో మైక్రోస్కోపు కింద ఒక గాజుపలక పెట్టి మమ్మల్ని వరుసగా చూడమన్నారు. మాస్టారు చాలాసేపు చూశాడు. నా వంతు వచ్చింది. కన్ను ఆనించాను. ఊదారంగు చుక్కలు కనిపించాయి.

"ఈ పక్కన ఒద్దికగా ఉన్నవి మామూలు కణాలు అక్కా," అంటోంది ఆ అమ్మాయి నా చెవి దగ్గర. "ఆ పక్కన ఒకదానిమీద ఒకటి ఎక్కి కిక్కిరిసినట్టు ఉన్నాయే, అవీ..."

అవి కదలడం లేదు. అయినా కదులుతున్నట్టే అనిపించింది. నా చెయ్యి నాకు తెలియకుండానే మచ్చ దగ్గరకు పోయింది. కన్ను తీసేసి ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"నాకు మళ్ళా వచ్చింది."

"ఏంటక్కా?"

"ఈడ. గింజ మాదిరి తగలతా ఉంది. ఎవురికీ చెప్పలేదు."

ఆమె ముఖంలో రంగు పోయింది. నేను చూశాను. తెలిసిన మనిషి అట్లా భయపడితే తెలియని నాకు ఇంకేం ధైర్యం ఉంటుంది? "నేను డాక్టర్ని కాదక్కా, నాకు చూసినా తెలీదు," అంటూనే తెల్లకోటు విప్పి కుర్చీ మీద పడేసింది. మిగతావాళ్ళను మొదటిరోజు బొమ్మలు చూపించిన పెద్దాయనకు అప్పగించి, నన్ను ఆటోలో నేరుగా ఆసుపత్రికి తీసుకుపోయింది. దారంతా నా చెయ్యి వదల్లేదు.

డాక్టరమ్మ తడిమి చూసి, "సూదితో కొంచెం తీసి పంపిద్దాం" అంది. ఆమె ముఖంలో ఏమీ కనబడలేదు. అట్లా ఏమీ కనబడనివ్వకపోవడమే నాకు ఇంకా భయం. ఫలితానికి శుక్రవారం రమ్మంది.

ఇంట్లో దాచగలననుకున్నాను. మరుసటి పొద్దున నేను వడ్డిస్తూ మాటిమాటికీ మచ్చ తడుముకోవడం చూసి అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏందీ? మళ్ళా వచ్చిందా?"

"తెలీదత్తా. శుక్రవారం చెప్తారు."

ఆమె గరిటె నా చేతిలోంచి తీసుకుంది. "నువ్వు కూచో. నేను పెడతా," అంది. పెట్టింది. ఆమె తినలేదు. శుక్రవారం దాకా ఆ ఇంట్లో ఎవరం ఒకరి ముఖం ఒకరం సరిగా చూసుకోలేదు. మా ఆయన అంగడి నుంచి వేళ కాని వేళ ఇంటికి వచ్చి, ఏదో మరిచిపోయానని చెప్పి, నన్ను చూసి వెళ్ళేవాడు.

శుక్రవారం ఆ అమ్మాయి నా కంటే ముందే వచ్చి వరండాలో నిలబడి ఉంది. గాజుపలకలు చూసే గది అక్కడికి దగ్గర్లోనే. ఆ గదిలో పనిచేసే డాక్టరు ఆమెకు పరిచయం. తలుపు తీసి, "వచ్చావా, మీ అక్క పలకే పెట్టాను, నువ్వూ చూడు" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన ఆశ్చర్యపోయి తలుపు వేసుకున్నాడు.

"పోయి చూడు," అన్నాను నేను. "రోజూ చూసేదే కదా నువ్వు."

"రోజూ చూసేవాటిల్లో నాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరక్కా. లోపల నా కంటికి అదే కనిపిస్తే, బయటికొచ్చి మీకెట్లా చెప్పాలి? నావల్ల కాదు."

ఆమె చేతులు పట్టుకుంటే నా చేతుల కన్నా చల్లగా ఉన్నాయి. ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం. ఎదురుగా గోడ మీద పెయింటు పెచ్చులూడి ఉంది. ఆ పెచ్చులనే చూస్తూ కూర్చున్నాను. లోపల ఒక మనిషి నన్ను చూస్తున్నాడు, నా బతుకు అతని కంటి కింద ఉంది అన్న ఆలోచన ఎంత తోసేసినా మళ్ళీ వస్తోంది. ఎవరో ట్రాలీ తోసుకుపోయారు. ఆ చక్రాల చప్పుడుకు ఇద్దరం ఒక్కసారే ఉలిక్కిపడ్డాం.

డాక్టరమ్మ కాగితం పట్టుకుని వచ్చింది. ఈసారి ముఖంలో దాచుకోలేదు. "ఏమీ లేదు. కుట్టు దారం ముక్క ఒకటి లోపల మిగిలిపోయి, దాని చుట్టూ కండ గట్టిపడింది. అంతే. ఇంటికి పో."

ఆ అమ్మాయి మోకాళ్ళ మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. విపరీతమైన ఆకలి వేసింది. ఆమెను లేపి క్యాంటీనుకు తీసుకుపోయి ఇడ్లీలు తిన్నాను. ఇంటికి పోయి చెబితే అత్త దేవుడి గదిలోకి పోయి తలుపు వేసుకుంది, చాలాసేపటికి గాని బయటికి రాలేదు.

మాస్టారికి మాత్రం మరుసటి ఏడు ఊపిరితిత్తుల్లో మళ్ళీ వచ్చింది. ఆయన రక్తం కావాలని సైంటిస్టులకు ఉంది, అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆయనే పలక మీద రాశాడు, "సంకోచం ఎందుకు? తీసుకోండి." ఆ అమ్మాయే తీసుకుంది. ఆ తరువాత ఆయన ఎక్కువ కాలం లేడు. పురసవాక్కంలో వాళ్ళింటికి పోవడానికి ఆ అమ్మాయికి కాళ్ళు రాలేదు. ఆయన రక్తం తీసుకుని ఏం చేశావని వాళ్ళు తనను నిలదీస్తారని భయం. నేనే వెంట తీసుకుపోయాను. ఆయన భార్య నిలదీయలేదు. మాకు కాఫీ ఇచ్చి, మాట పోయాక ఆయన కోపం వస్తే బలపాన్ని ఎంత గట్టిగా నొక్కేవాడో, ఎన్ని బలపాలు విరిచాడో చెప్పి నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. పరిశోధన గురించి ఒక్క మాట అడగలేదు. చెబుదామని ఏవో కాగితాలు తెచ్చుకున్న ఆ అమ్మాయి వాటిని సంచిలోంచి తీయనే లేదు.

తరువాత తరువాత నాకు ఒక పని దొరికింది. రక్తం అడగబోయే ముందు తెలుగు పేషెంట్ల దగ్గర నేను కూర్చునేదాన్ని. ఎందుకు అడుగుతున్నారో, ఏం చేస్తారో, మన మాటల్లో చెప్పేదాన్ని. చుట్టాల్లో ఒకరిద్దరికి అట్లాగే నా సంగతి తెలిసిపోయింది. అత్త, "తెలిస్తే తెలియనీ" అంది గాని ఆ రోజంతా వాకిట్లోకి రాలేదు.

ఒకసారి గూడూరు నుంచి వచ్చిన ఒకావిడ నేను చెప్పిందంతా విని, చుట్టూ చూసి, నా చెవి దగ్గర అడిగింది.

"నేను రక్తం ఈనంటే వైద్యం ఆపేస్తారా?"

"ఆపరు. ఇష్టముంటే ఇయ్యి, లేదంటే లేదు."

"అయితే నేనీను. నాకు భయం."

"సరి," అన్నాను. పోయి ఆ అమ్మాయికి చెప్పాను. "సరే అక్కా," అని ఆమె రక్తం పట్టే ఖాళీ గొట్టాలు తీసి పెట్టెలో సర్దేసింది.

ఆపరేషన్ రోజు నేను గూడూరావిడ దగ్గరే ఉన్నాను. థియేటరు తలుపు దాకా ఆమె నా వేళ్ళు వదల్లేదు. "నీకు భయం పోయిందా?" అని అడిగింది. పోలేదన్నాను. మరుసటి వారమే నా పరీక్ష ఉంది. అప్పటికే నాకు నిద్ర పట్టడం లేదు.